పది రోజుల మంచం

అంబిక సంచి సర్దడం సోమవారం మధ్యాహ్నమే మొదలుపెట్టింది రాజ్యలక్ష్మి. ఆరు నైటీలు, నాలుగు లంగాలు, రెండు తువ్వాళ్ళు, నారాయణగూడ మందుల షాపులో తెచ్చిన పెద్దవాళ్ళ డైపర్లు, మూర్ఛ మాత్రలు, పౌడరు డబ్బా. అన్నిటికంటే పైన, చెయ్యి పెట్టగానే దొరికేలా, పెళ్ళి శుభలేఖల కట్ట. ఆ కట్ట లేకుండా అంబిక ఎక్కడా కూర్చోదు. వాటిలో కొన్ని ముప్ఫై ఏళ్ళ నాటివి. పసుపు రాసిన మూలలన్నీ ఆమె వేళ్ళ కింద అరిగి తెల్లబడ్డాయి.

"ఎవరి పెళ్ళి వదినా?" మంచం మీద నుంచి అడిగింది అంబిక. ఆ ఇంట్లో సంచి బయటికి తీశారంటే పెళ్ళికే. ఆమెకు తెలిసిన ప్రయాణం అదొక్కటే.

"మనవాళ్ళదేలే."

"లడ్డూ పెడతారా?"

"పెడతారు. రెండు పెడతారు."

అంబిక రాజ్యలక్ష్మి భర్తకు చెల్లెలు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరేళ్ళ పిల్ల బుద్ధి. రాజ్యలక్ష్మి కాపురానికి వచ్చేనాటికి అంబికకు తొమ్మిదేళ్ళు. కొత్త కోడలి చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. అత్తగారు పోయాక స్నానం, అన్నం, మందు అన్నీ రాజ్యలక్ష్మి చేతి మీదికే వచ్చాయి. భర్త కాశీవిశ్వనాథం పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. అశోక్‌నగర్‌లో రెండో అంతస్తులో వాళ్ళిద్దరే.

ఇప్పుడు రాజ్యలక్ష్మికే ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. సెప్టెంబరు మొదటి గురువారం కోసి తీసేద్దాం, అది దాటి ఆలస్యం చెయ్యకండి అన్నాడు డాక్టరు. అది విన్నప్పుడు రాజ్యలక్ష్మికి కత్తి భయం వెయ్యలేదు. ఆసుపత్రిలో ఉండే పది రోజులూ అంబికను ఎవరు లేపుతారు, ఎవరు కడుగుతారు అన్నదొక్కటే గుండెల్లో రాయిలా పడింది. చుట్టాలకు ఫోన్లు చేసింది. అందరూ అయ్యో అన్నారు. ఎవరినైనా అడిగి చెప్తామన్నారు. ఆ మీదట ఫోన్ ఎత్తడం మానేశారు.

దారి చూపించింది భవ్య. ఇంట్లో రోగుల్ని పెట్టుకుని చూసుకునేవాళ్ళ కోసం ఆ పిల్ల చిక్కడపల్లిలో ఒక మేడ మీద గదిలో నెలకోసారి సమావేశం పెడుతుంది. లైబ్రరీలో పేపరు చదువుకోవడానికి వెళ్ళినప్పుడు, పోటీ పరీక్షల ప్రకటనల మధ్య ఆ సమావేశం కాగితం అంటించి ఉంటే చూసి వెళ్ళింది రాజ్యలక్ష్మి. ఇరవై కుర్చీలు వేసి ఉన్నాయి. వచ్చింది అయిదుగురు.

"మరేంటనుకున్నారు?" అన్నాడు రమాకాంత్. భార్య పదేళ్ళుగా మంచంలో ఉన్న పెద్దమనిషి. "ఇక్కడికి రావాలంటే ఇంట్లో రోగి దగ్గర కూర్చోడానికి మనిషి ఉండాలి. ఆ మనిషే ఉంటే ఈ సంఘం ఎందుకండీ నాకు? హాయిగా సినిమాకి పోనూ!"

అందరూ నవ్వారు. నవ్వి, గోడ గడియారం చూసుకున్నారు.

భవ్య ఒక జిరాక్సు కాగితం ఇచ్చింది. ఆయాలను పంపే బ్యూరోలు, ఇంటికొచ్చే నర్సులు, ఫిజియోథెరపీ, వీల్‌చైర్ అద్దెకిచ్చేవాళ్ళు, అందరి నంబర్లూ. రమాకాంత్ తన కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్నవి కూడా రాజ్యలక్ష్మి దించుకుంది. 'ఎత్తరు.' 'ఎత్తుతారు, రారు.' ఒక పేరు పక్కన, 'ఈయనే మంచంలో ఉన్నాడు.' అన్నిటికన్నా కింద బర్కత్‌పురలో ఒక ఆశ్రమం నంబరుంది. అక్కడ రెండే రెండు మంచాలు ఇలాంటివాళ్ళకని విడిగా ఉంచుతారు. పది రోజులు ఉంచుకుని చూస్తారు. ఈలోపు ఇంట్లోవాళ్ళు ఆపరేషనో, పెళ్ళో, చావో ఏదుంటే అది చూసుకుని రావాలి.

ఇరవై రోజులు తిరిగి ఆ మంచం ఇప్పించింది భవ్య. మంగళవారం పదిన్నరకు రమ్మన్నారు.

సంచి జిప్పు లాగుతూ గోడ మీద క్యాలెండరు చూసింది రాజ్యలక్ష్మి. చెయ్యి ఆగిపోయింది. ఫోన్ తీసుకుంది.

"భవ్యా, రేపు మంగళవారం కదమ్మా."

"అవునాంటీ. పదిన్నరకు. ఆధార్ కార్డు మర్చిపోకండి."

"మంగళవారం ఇంటి ఆడపడుచుని గడప దాటించరు తల్లీ. బుధవారం తీసుకొస్తానని చెప్పవూ?"

"ఆంటీ, ఆమెనేమన్న అత్తగారింటికి పంపుతున్నమా? పది దినాలే కదా. వాళ్ళు మంచం ఆపరు. ఎంతమంది లైన్ల ఉన్నరో మీకు తెల్వది."

"ఒక్క రోజేగా! ఒక్క రోజులో ఏం కొంప మునుగుతుంది? నా కోసం చెప్పి చూడమ్మా."

"అడుగుతాంటీ. కానీ నాకు భయమైతుంది, ముందే చెప్తున్న."

గిన్నెలు తోముతున్న బుగ్గమ్మ చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చి ఇక్కడి బస్తీలో స్థిరపడిన మనిషి. ఈ ఇంట్లో పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది.

"ఇదేంది అమ్మా! మాకు మంగళారం లేదు, శుక్రారం లేదు. పని దొరికిన దినమే మంచి దినం. తోలుండ్రి ఆమెను."

"నీకు తెలీదు బుగ్గమ్మా. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది మంగళవారమే. రెండ్రోజుల్లో వచ్చేస్తానే, చారు పెట్టి ఉంచు అన్నారు. సంచి ఒక్కటే వచ్చింది."

బుగ్గమ్మ తిరిగి గిన్నెల దగ్గరికి వెళ్ళింది.

ఆయన ఒక్కరే కాదు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపిన చెల్లెలు, స్టేషన్లో మంచినీళ్ళకు దిగి జనంలో కలిసిపోయిన చిన్నాన్న, ఎవరు ఏ వారం బయల్దేరారో, ఏ రంగు బట్ట కట్టుకున్నారో అన్నీ రాజ్యలక్ష్మికి గుర్తే. వాళ్ళంతా వెళ్ళిన రోజులు తప్పించి మిగిలిన రోజుల్లోనే మనుషుల్ని పంపాలని ఆమె లోపల ఒక లెక్క. అంబిక తిరిగి రావాలి. అందుకే ఒక్క రోజు ఆగింది.

బుధవారం తొమ్మిదింటికే ఆటో ఎక్కారు. బుగ్గమ్మ ఒక పక్క, రాజ్యలక్ష్మి ఒక పక్క పట్టుకుంటే అంబిక మెట్లు దిగడానికే అరగంట పట్టింది. బర్కత్‌పురలో ఆశ్రమం వార్డెను బయటికొచ్చి, సంచి వంకా అంబిక వంకా చూసి, చేతులు జోడించింది.

"నిన్న సాయంత్రం దాకా ఆపిన అమ్మా. దోమలగూడ నుంచి పక్షవాతం ఆయనను తెచ్చిన్రు. కొడుకు ఒక్కడే, వానికీ ప్రమాదమైంది. గేటు కాడనే కూసున్నరు. నేనెట్ల లేదంట?"

రాజ్యలక్ష్మికి కోపం రాలేదు. ఆవిడ స్థానంలో తనున్నా అదే చేసేది.

"పెళ్ళి అయిపోయిందా వదినా?" ఆటోలోంచి అడిగింది అంబిక.

"అయిపోయిందమ్మా. మనం ఆలస్యంగా వచ్చాం."

"లడ్డూ?"

తిరుగుదారిలో నారాయణగూడలో ఆటో ఆపించి లడ్డూలు కొంది. అంబిక ఒకటి తిని, రెండోది బుగ్గమ్మ నోట్లో పెట్టబోయి, ఆమె చీరంతా పొడి చేసింది. ఇంటికొచ్చాక రాజ్యలక్ష్మి సంచిలోంచి మాత్రలూ శుభలేఖలూ తీసి, మిగతావి అలాగే ఉంచి, మంచం కిందికి తోసింది.

గురువారం వెళ్ళిపోయింది. ఆసుపత్రి వాళ్ళు నెలాఖరు దాకా ఖాళీ లేదని ముప్ఫయ్యో తారీఖు ఇచ్చారు. వినాయక చవితి వచ్చింది. సందు చివర పందిట్లో డప్పులు మోగితే అంబిక పెళ్ళివారొచ్చారని చప్పట్లు కొట్టింది. రాజ్యలక్ష్మి జిరాక్సు కాగితం ముందు పెట్టుకుని పై నుంచి కిందికి ఫోన్లు చేసింది. ఒక బ్యూరో వాళ్ళు పేషెంటు బరువెంత అని అడిగి, చెప్పగానే పెట్టేశారు. ఇంకొకరు కొడుతుందా, కరుస్తుందా అని అడిగారు. మూడో చోటి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఒక పూట చూసి, అంబిక పక్క తడిపాక, ఛార్జర్ మర్చిపోయానని వెళ్ళి మళ్ళీ రాలేదు.

"నేనుందును అమ్మా. కానీ మా ఇంట్ల గూడ గిదే కథ," అంది బుగ్గమ్మ. ఆమె మొగుడు తిమ్మయ్య రెండేళ్ళ కింద కట్టడం మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి వెళ్ళి అతణ్ణి పక్కకి తిప్పకపోతే వీపు పుండైపోతుంది. ఆమెకు ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. ఆ సంగతి రాజ్యలక్ష్మికి అప్పుడే తట్టింది. తట్టినా చెయ్యగలిగింది లేదు.

ఇరవై ఏడో తారీఖు పొద్దున్న భవ్య ఫోన్ చేసింది.

"ఆంటీ, మంచం ఖాళీ అయింది. పన్నెండు లోపల రావాలె." గొంతు తగ్గించి అంది. "ఇయ్యాల శుక్రవారం ఆంటీ. నేనే చెప్తున్న. మల్ల మీరు పరేషాన్ కావొద్దు."

శుక్రవారం. లక్ష్మిలాంటి ఆడపడుచుని ఎవరూ పంపని రోజు. పైగా పితృపక్షం. రాజ్యలక్ష్మి క్యాలెండరు వైపు చూడలేదు.

"వస్తున్నామమ్మా," అంది.

సంచి చూసి అంబిక తనంతట తనే కుంకుమ భరిణె అందుకుని వదిన ముందు పెట్టింది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టాలి కదా. రాజ్యలక్ష్మి భరిణె మూత తీసింది. బొట్టు పెట్టి పంపితే నిజంగానే సాగనంపినట్టవుతుందని భయం. పెట్టకపోతే పిల్ల మొహం చిన్నబోతుంది. పెట్టింది.

ఆశ్రమంలో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. బడికి వెళ్ళకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి రాజ్యలక్ష్మి. ఏ కాగితమైనా చివరి ముక్క దాకా చదవందే వదలదు. రోగికి మీరేమవుతారు? వదిన. రక్తసంబంధం ఉందా? లేదు. నాలుగో పేజీ అడుగున ఉంది: గడువులోగా తీసుకువెళ్ళని పక్షంలో రోగి శాశ్వత వసతి గృహానికి పంపబడును. అది రెండుసార్లు చదివింది. చదివి సంతకం పెట్టింది.

"నువ్వు రావా పెళ్ళికి?" అంది అంబిక, శుభలేఖల కట్ట ఒళ్ళో పెట్టుకుని.

"నువ్వు పద. నేను వెనకాలే వస్తాను."

అంబిక తల ఊపింది. వదిన ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

ఈ మూడు వారాల్లో గడ్డ చంక దాకా పాకింది. ఒక పూటలో అయిపోవాల్సిన ఆపరేషను పెద్దదైంది. ఆ పైన జ్వరం, కుట్ల దగ్గర చీము. రాజ్యలక్ష్మి ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పదో రోజున భవ్య వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఇంకో అయిదు రోజులు అడిగి తెచ్చింది. పదహారో రోజున అంబికను ఊరి బయట, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన వసతి గృహానికి మార్చారు. సంచి కూడా వెంట పంపామని చెప్పారు.

ఇంటికొచ్చేసరికి ఎడమ చెయ్యి వాచి దిండులా ఉంది. నీళ్ళ చెంబు కూడా లేపొద్దన్నారు. అంబికను తీసుకురావాలంటే లేపగలిగిన మనిషి ఇంట్లో ఉన్నట్టు రాసివ్వాలన్నారు వసతి గృహం వాళ్ళు. ఎవరి పేరు రాయాలో రాజ్యలక్ష్మికి తోచలేదు.

"తెచ్చుకుందాం అమ్మా. నేను పొద్దుగాల వస్త కదా," అంది బుగ్గమ్మ.

"నువ్వు వెళ్ళాక?"

బుగ్గమ్మ చీపురు తీసుకుని పక్క గదిలోకి పోయింది. అంబిక మంచం కింద రెండుసార్లు ఊడ్చింది.

ఇప్పుడు చిక్కడపల్లి సమావేశానికి రాజ్యలక్ష్మి ఒక్క నెల కూడా తప్పడం లేదు. అందరికన్నా ముందు వెళ్ళి కూర్చుంటుంది. గడియారం చూడదు. మొదటి నెల భవ్య కొత్త జిరాక్సులు పంచింది. రమాకాంత్ అలవాటుగా పెన్సిల్ చేతికిచ్చి, "మీకు తెలిసినవి రాయండి, వెనకాల వచ్చేవాళ్ళకి పనికొస్తాయి," అన్నాడు. రాజ్యలక్ష్మి అన్నిటికన్నా కింద ఉన్న బర్కత్‌పుర నంబరు వెతికి, దాని పక్కన చిన్న అక్షరాలతో రాసింది: 'మంగళవారమైనా సరే, వెళ్ళండి.'

అంబిక సెప్టెంబరు ఇరవై ఏడు, శుక్రవారం ఉదయం పదకొండింటికి ఇంటి నుంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.