కోసే చెయ్యి

ఇటు రా ప్రసూనా, ఇంకా దగ్గరికి. ఆ చెప్పులు విప్పి నా ఒళ్లో పెట్టు. నిన్న బడిలో ఎవరో టీచరమ్మ వీటిని చూసి, ఇంత బాగా ఎవరు చేశారని అడిగితే "మా తాత" అన్నావట. మీ అమ్మ సరళ మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నీ మీద కాదులే తల్లీ. కూర్చో. ఆ పొయ్యి మీద కూర మాడితే మాడనీ. మీ తాత లోపలే పడుకున్నాడు, వింటే విననీ.

కుట్టింది ఆయనే, కాదనను. కుట్టు గట్టిది. అయితే కుట్టుకు ముందు కోత ఉంది, కోతకు ముందు ఏరుకోవడం ఉంది. ఖమ్మం పోయి తోలు ఏరి తెచ్చేదాన్ని నేను. వాకిట్లో పరిచి, కళ్లు మూసుకుని, మెడ నుంచి తోక దాకా అరచేత్తో తడుముతాను. రంగు చూసి కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోదు. పిడుదులు కుట్టిన చోట గరుకు తగులుతుంది. మన అడవిలో మేసిన పశువైతే కంప గీరిన గీతలుంటాయి, మడిస్తే అక్కడే పగులుతుంది. వీపు తోలు బిగువు. పొట్ట తోలు సాగుతుంది. జత బూట్లకు రెండు ముక్కలూ వీపు మీద పక్కపక్కనే కోయాలి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ కోశావా, ఒక బూటు నిలుస్తుంది, రెండోది వదులైపోతుంది. ఇదంతా మా అమ్మ దగ్గర నేర్చుకుని కాపురానికి వచ్చాను. వచ్చాక మణుగూరు రోడ్డు మీద కొట్టు పెట్టాం. బోర్డు మీద ఏం రాయించారు? "భద్రయ్య బూట్లు".

వచ్చినవాళ్ల కాళ్ల కొలతలు తీసేదీ నేనే. నేల మీద కాగితం పరిచి, దాని మీద కాలు పెట్టించి, వంగి చుట్టూ పెన్సిలుతో గీయడం. గనుల కాంట్రాక్టరు జయప్రకాశ్ గారు కొత్తగా కొన్న సెల్‌ఫోన్లో మాట్లాడుతూ నా ముందుకు కాలు చాపేవాడు. మా ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టడు, నేను కోసిన తోలు మాత్రం కావాలి. లేచేటప్పుడు మీ తాత భుజం తట్టి "నీ చేతిల మహిమున్నదయ్యా" అనేవాడు. మీ తాత నవ్వేవాడు. నేను వంగిన నడుం పట్టుకుని లేచేదాన్ని. గోడ మేకుకు ఆ ఊరి మగవాళ్ల పాదాలన్నీ కాగితాలై వేలాడేవి. నా పాదం లేదు.

ఎందుకుంటుంది? ఆడవాళ్ల చెప్పులకు కొలతేమిటి? మగవాళ్లకు కోయగా మిగిలిన పొట్ట తోలే మాకు. "ఆడదాని కాలు యాడిదాక పోతదే? పొయ్యికాడికీ బాయికాడికే గదా" అనేది మా అత్త. యాడిదాక పోయిందో నా కాళ్లనడుగు! తునికాకు కోయడానికి అడవికి, తోలు కోసం ఖమ్మానికి, ఆయనకు జ్వరమొస్తే మందులకు భద్రాచలానికి. వానాకాలం వస్తే ఆ పొట్ట తోలు చెప్పులు నాని, సాగి, అడుగడుగునా బురదలో ఉండిపోయేవి.

గోదావరి పొంగిన ఆ ఏడు నువ్వు మీ అమ్మ చంకలో ఉన్నావు. నేను తోలు చుట్ట నెత్తిన పెట్టుకుని బస్సు దిగి, వాగు దాటుతుంటే చెప్పు సాగి జారింది. బండ మీద పడ్డాను. మణికట్టు పుటుక్కుమంది. తోలును మాత్రం తడవనివ్వలేదు, చూడు నా బుద్ధి. మీ అమ్మ నన్ను దవాఖానాకు తీసుకుపోయింది. మీ తాత పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాపం, నా కోసమేననుకున్నాను. వచ్చీ రాగానే ఏమన్నాడో తెలుసా?

"ఏ చెయ్యే? కోసే చెయ్యా?"

ఎడమదని మీ అమ్మ చెప్పింది. "అమ్మయ్య, బతికిపోయినం" అని బల్ల మీద కూలబడ్డాడు. ఎముక నొప్పి ఆ మాటతో మరిచిపోయాను. అంటే ఆయనకు తెలుసు! ఏ చెయ్యి లేకపోతే కొట్టు మూతపడుతుందో ఇన్నేళ్లూ తెలిసే, ఆ భుజం తట్టించుకుని నవ్వాడు. తెలియనివాడి మీద జాలిపడొచ్చు ప్రసూనా. తెలిసినవాణ్ని ఏం చేయాలి?

ఎడమ చెయ్యి తోలును బిగించి పట్టకపోతే కుడి చెయ్యి కోయలేదు. సిమెంటు కట్టుతో నేను కూర్చుంటే, కాంట్రాక్టరు బూట్లకు మీ తాతే కోశాడు. ఒకటి వీపున, ఒకటి పొట్ట పక్కన. తోలు మిగిలించానని సంబరపడ్డాడు కూడా. వారం తిరక్కుండా జయప్రకాశ్ గారు ఊడిపోతున్న ఎడమ బూటుతో వచ్చాడు.

"ఏందయ్యా గిది? పడవలెక్క అయింది!"

"ఈసారి మా ఆడిది కోసింది సార్. తెల్వక కోసింది."

నేను గుమ్మంలోనే ఉన్నాను. మెడకు వేలాడే తెల్లటి కట్టుతో, ఎదురుగా. కాంట్రాక్టరు నా వైపు చూడనైనా చూడలేదు. "ఆడోళ్ల చేతికి కత్తిస్తే గంతే" అని నవ్వాడు. మీ తాత కూడా నవ్వాడు. మంచి బూటయితే ఆయన చెయ్యి, చెడ్డదయితే నా చెయ్యి, అదీ విరిగిన చెయ్యి! ఆ రోజు నోరు తెరవలేదు. తెరిస్తే ఏడుపొచ్చేది. వాళ్ల ముందు నా ఏడుపు కూడా దండగ.

కట్టు విప్పాక కొత్త తోలు వచ్చింది. ఒక్క మచ్చ లేదు, వీపంతా పలకలా ఉంది. మీ తాత దాన్ని నా ముందుకు తోశాడు.

"సారుకు జల్దీ కొయ్యి. మిగిలితే నువ్వు గూడ పొట్టల నుంచి ఒక జత కోసుకో, పో."

నేను కత్తి ముట్టలేదు. నేల మీద కాగితం పరిచాను. బురద, పగుళ్లు, అన్నీ ఉన్న నా కాలు దాని మీద పెట్టాను. పెన్సిలు ఆయన ముందుంచాను.

"గియ్యి."

"ఎవలికే?"

"నాకు. వీపు నడిమిట్ల కోస్త. ముందు నాది, ఆనక నీ సారుది."

"పిచ్చి లేసిందా? ఎవలన్న జూస్తే..."

"చూడనీ. గియ్యకపోతే గా కత్తి నువ్వే పట్టుకో. మల్ల పడవలు జెయ్యి."

మీ అమ్మ నిన్ను చంకలో వేసుకుని కదలకుండా చూస్తోంది. మీ తాత రోడ్డు వైపు చూశాడు, తోలు వైపు చూశాడు. తర్వాత వంగాడు. పెళ్లినాడు మట్టెలు తొడగడానికి పట్టుకున్న కాలు అది. మళ్లీ ముట్టుకోవడం ఆ రోజే. పెన్సిలు వంకరగా పోతుంటే "నిటారుగ పట్టు, మడమ కాడ పక్కకు పోతుంది సూడు" అన్నాను. సరిచేశాడు. నేను కావాలనే కాలు నెమ్మదిగా తీశాను.

నువ్వు వేసుకున్నవీ వీపు నడిమి తోలువే బిడ్డా. రేపు బడికి పోయి ఆ టీచరమ్మకు మళ్లీ చెప్పు: కుట్టింది మా తాత భద్రయ్య, ఏరి కోసింది మా అమ్మమ్మ కొండమ్మ అని. ఆ తర్వాత నీకు పుట్టినవాళ్లకూ చెప్పు. చెప్పేటప్పుడు ఆయన వంగిన సంగతి మాత్రం మరిచిపోకు.