మచ్చం కాలు

గిన్నెలు తోముతున్న మోహనను అత్త పొన్నమ్మ పిలిచి, కుడికాలికి పసుపు రాసుకోమంది. మోహన మొగుడు దొరై గుడియాత్తంలో మేస్త్రీ. అతను కొత్త ఇల్లు ఎత్తుకున్నాడంటే, పునాది పచ్చి సిమెంటులో ముందు పడాల్సింది పెళ్ళాం అడుగే. ఆమె అరికాల్లో నల్లటి మచ్చ ఉంది. తమిళంలో మచ్చమంటే అదృష్టం కూడా. నాలుగేళ్ళ కిందట అది కనిపించాకే దొరైకి చేతినిండా పనులు. అప్పటినుంచి ఇంట్లో మోహన పేరు పోయి 'మచ్చం కాలు' మిగిలింది. పదకొండు ఇళ్ళ కింద ఆమె పాదముంది. సిమెంటుకు ఆ పాదం ఎన్నిసార్లు బొబ్బలెక్కిందో ఆ ఇళ్ళవాళ్ళకు తెలియదు.

ఈమధ్య మచ్చ పెరిగింది. చుట్టూ తెల్లటి వలయం లేచింది. లోపల ఎవరో గుంపుగా నడుస్తున్నట్టు, ఉండుండి ఆగి చెవులు కొరుక్కుంటున్నట్టు ఉండేది. చెబితే దొరై నవ్వి చెప్పులు మార్చుకోమన్నాడు. మచ్చం వెడల్పయితే అదృష్టమూ వెడల్పవుతుందని పొన్నమ్మ మురిసిపోయింది. కోడలు కుంటుతుంటే మురిసిపోయే ఇళ్ళూ ఉంటాయి మరి.

పోయినవారం చెల్లెలింటికని చెప్పి వేలూరు ఆసుపత్రికి పోయి, మచ్చలో చిన్న ముక్కా రక్తమూ ఇచ్చి వచ్చింది. ఇవాళ పరదరామిలో కొత్త ఇంటికి పునాది. ఇవాళే ఫలితం. పునాదికి పోకుండా, పసుపు కాలితోనే వేలూరు బస్సెక్కింది.

డాక్టర్ భువన తెరమీద చూపించింది. మచ్చలోని నల్ల కణాలను చూసి మాత్రం ఏమీ తేల్చలేకపోయారట. వాటి చుట్టూ ఒంటిని కాపాడే తెల్లకణాలు కమ్ముకున్న తీరు చూసి, రక్తంలోనూ ఆ జాడ పట్టి, చర్మ క్యాన్సరని తేల్చారట.

"ఈ తెల్లకణాలుండారే, నీకంటే ముందే వాళ్ళకు తెలిసిందమ్మా. శానా దినాలుగా కొట్లాడతా ఉండారు. ఇంక వాళ్ళవల్ల కాదు, కోసి తీసేయాల."

మోహన పసుపు కాలిని పైకెత్తి మచ్చ వంక చూసింది. ఇంట్లో ఎవరూ వినని మాటను ఒంట్లో ఎవరో విన్నారు. తను అంట్లు తోముతున్నప్పుడూ, సిమెంటులో నిలబడినప్పుడూ, వాళ్ళు తన పక్షాన చచ్చిపోతూనే ఉన్నారు. భయమేసింది. ఆ భయంలోనే ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. దొరై. ఆసుపత్రిలో ఉన్నానని, కోయాలంటున్నారని చెప్పింది. అటువైపు సిమెంటు కలిపే మిషను తిరుగుతూనే ఉంది.

"ఆ మచ్చం తీయించుకుని నా ఇంటికి రావద్దు" అన్నాడు.

మోహన ఫోన్ పెట్టేసింది. భువన కాగితం ముందుకు జరిపి, సంతకం కావాలి, మీవాళ్ళెవరూ రాలేదా అని అడిగింది.

"మావోళ్ళు లోపలే ఉండారు డాక్టరమ్మా" అంటూ మోహన పెన్ను తీసుకుంది. "అలిసిపోయినారు. ఇంక ఆలస్యం వద్దు, బిన్నా తీసేయండి."