నీళ్ళ కోడలు

"మరి మన ఆయ్వార్ ఎవరు పెడతారు?"

సెప్టెంబరులో మూడు వారాలు బెరోవో అనే ఊరు వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకు పచ్చళ్ళు పెట్టే పని నేర్పమని మా సంస్థ నన్నడిగిందని చెప్పగానే మా ఆయన వాంచో అన్న మొదటి మాట అది. సంతోషించలేదు, కోప్పడనూ లేదు. ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, కిందటేటి ఆఖరి సీసా వైపు చూస్తూ అడిగాడు. నేను అతని సాక్సులు మడతపెడుతున్నాను. ఇంకో నాలుగు జతలు మడిచాను.  వెళ్ళాలని ఎంతగా ఉందో చెప్పడానికి సిగ్గేసింది.

మా ఊరు స్ట్రూమిత్సాలో సెప్టెంబరు అంటే ఊరంతా మిరపకాయలు కాలుతున్న వాసన. కారం లేని, లావుపాటి ఎర్రకాయలు బస్తాలకు బస్తాలు దిగుతాయి. వాటిని కాల్చి, వొలిచి, నీరు ఓడ్చి, రుబ్బి, నూనెలో గంటల తరబడి కలుపుతూ ఉడికిస్తే ఆయ్వార్ అనే పచ్చడవుతుంది. ఆ సీసాలు అలమరలో లేని ఇంటి ఇల్లాలు చలికాలమంతా ఇరుగుపొరుగు నోళ్ళలో నానుతుంది. మగవాళ్ళు బస్తా దించి, పొయ్యి వెలిగించి, రాకియా సారా గ్లాసు పట్టుకుని కూర్చుని, "ఈ ఏడు మేం ఎనభై కిలోలు పెట్టాం" అని చెప్పుకుంటారు. "కబుర్లు చెప్పుకుంటూ ఒక్కరోజులో అయ్యే పని, దానికి ఇంత హడావుడా?" అని వాంచో ఏటా అంటాడు.

నేను పుట్టింది బంగాళాదుంపలు పండే కొండ ఊళ్ళో. ఆయ్వార్ తినడమే తప్ప పెట్టడం ఎరగను. పెళ్ళయిన మొదటి సెప్టెంబరులో అత్తగారు ఒక గంగాళం నిండా కాల్చిన కాయలు నా ముందు పెట్టి వొలవమని వెళ్ళిపోయింది. వొలిచాను. వేళ్ళు కాలాయి. ఎంత వొలిచినా నల్లటి పొట్టు చుక్కలు వదలడం లేదు. అన్నిటినీ పెరట్లో కుళాయి కింద శుభ్రంగా కడిగి, తళతళలాడేలా పళ్ళెంలో పేర్చి, మెచ్చుకుంటుందని నిలబడ్డాను. ఆవిడ పళ్ళెం చూసింది. గేటు దాకా వెళ్ళి వీధిని కేకేసింది. "రండర్రా, చూద్దురుగాని! మా కోడలు మిరపకాయలకు స్నానం చేయించింది!" వాంచో కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ రోజు నుంచి నా పేరు నీళ్ళ కోడలు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట మాత్రం వాంచోకి ఆస్తిలా దక్కింది. చుట్టాలొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఆయ్వార్ బావుందన్నారంటే చాలు, ఆ కథ మొదలు. ఇరవై ఏడేళ్ళుగా నేనూ రొట్టె కోస్తూ అందరితోపాటు నవ్వుతున్నాను.

సంస్థలో చేరి ఆరేళ్ళు. అక్కడ లాభాలు తీసుకునే యజమాని లేడు. సీసాలమ్మి వచ్చిందంతా మాలాంటి ఆడవాళ్ళ జీతాలకూ కొత్తవాళ్ళకు పని నేర్పడానికీ పోతుంది. ఇంట్లో మాత్రం దాని పేరు "ఆవిడ కాలక్షేపం". ఈ వేసవిలో రాజధాని స్కోప్యేలోని విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకోవడానికి వచ్చారు. ఆహార శాస్త్రం చదివే ఇలీనా చేతిలో త్రాసు. వ్యాపార నిర్వహణ చదివే బిసేరా చేతిలో గడియారం. మా పద్ధతులన్నీ కాగితం మీద పెట్టడం వాళ్ళ పని.

"ఉప్పెంత వేస్తారు పిన్నీ?" అంది ఇలీనా.

"సరిపడా."

"సరిపడా అంటే?"

"ఇదిగో, ఇంత."

"ఆగండాగండి, వెయ్యకండి! ముందు నా గిన్నెలో పొయ్యండి."

అలా నెల రోజులు నా గుప్పిటకు అడ్డం పడింది. మొదట్లో చిరాకేసేది. తర్వాత భయం పట్టుకుంది. ఇన్నేళ్ళూ తోచినట్టు వేస్తున్నానని తేలితే? ఒకరోజు పుస్తకం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "పిన్నీ, ముప్పై ఒక్కసార్లు తూచాను. మీ గుప్పెడు రెండు గ్రాములు అటూ ఇటూ పోలేదు. మా కాలేజీలో త్రాసు కూడా ఇంత బుద్ధిగా ఉండదు." నేను చేతులు కడుక్కునే వంకతో వెళ్ళి నా అరచెయ్యి చూసుకున్నాను. మచ్చలు, గోళ్ళలో ఎర్రటి మరక. ఈ చెయ్యి నాదేనా అనిపించింది. గర్వమేసింది. అబద్ధమెందుకు, చాలా గర్వమేసింది.

ఆగస్టు నడిమిలో కొత్త కాయలొచ్చాయి. మూడోరోజు నేను పొయ్యి దగ్గర ఉండగా, సాయం చేద్దామని బిసేరా వొలిచిన కాయలు మూడు తొట్లు తీసుకెళ్ళి కుళాయి కింద కడిగేసింది. "నల్ల పొట్టు పట్టుకుని వదల్లేదు పిన్నీ. ఇప్పుడు చూడండి, ఎంత శుభ్రంగా వచ్చాయో!" మెచ్చుకుంటానని నిలబడింది.

మా అత్తగారి మాట, అక్షరం పొల్లుపోకుండా, నా నాలుక చివరికి వచ్చింది. అప్పటికే మాతో పనిచేసే జగోర్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు మొదలుపెట్టింది. బిసేరా ముఖంలో వెలుగు తగ్గడం చూశాను.

"నవ్వింది చాల్లే జగోర్కా, వెళ్ళి వంకాయలు కాల్చు" అన్నాను. "ఈ కాయలు గుడ్డలో కట్టి పైన బరువు పెట్టండి. టమాటాలు తెండి. ఇవాళ ఈ మూడు తొట్లూ పింజూర్ చేసేద్దాం." పింజూర్ అంటే మిరపకాయల్లో వంకాయ, టమాటా కలిపిన పచ్చడి; కాయల రుచి తగ్గినా కాల్చిన వంకాయ ఆదుకుంటుంది. తర్వాత బిసేరాను పక్కన కూర్చోబెట్టుకున్నాను. "కాలినప్పుడు ఊరే రసంలోనే రుచంతా ఉంటుందమ్మా. నీళ్ళు పోస్తే అది కాస్తా పోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చుక్కలు నాలుగు మిగిలినా ఫరవాలేదు."

"మీకిది ఎవరు చెప్పారు పిన్నీ?"

"ఎవరూ చెప్పలేదు. నవ్వారంతే."

ఆ పిల్ల పుస్తకం తీసి రాసుకుంది.

వాళ్ళు వెళ్ళేరోజు మా మేనేజరు వెస్నా అందరి ముందూ వాళ్ళ నివేదిక చదివింది. కొత్తవాళ్ళకు నేర్పే పని బ్లగూనాకు, అంటే నాకు, అప్పగించాలి, ఆవిడ చేతికి కొలత ఉంది, నోటికి ఓర్పు ఉంది, అని రాశారు. సంస్థ నన్ను బెరోవో వెళ్ళమని అడిగింది అది చూసే. నాకు విడిగా ఒక కాగితం ఇచ్చారు, ఇంట్లో నలభై కిలోల కాయలతో ఆయ్వార్ పెట్టే పద్ధతి, ఏ పనికి ఎన్ని గంటలో రాసి. కాల్చడం నాలుగు గంటలు, వొలవడం తొమ్మిది, కలపడం ఆరు, సీసాలు కడగడం, నింపడం, నేల తుడవడం కూడా వదల్లేదు. అడుగున బిసేరా గీత గీసి రాసింది: ఒక మనిషి శ్రమ, ఇరవై ఆరు గంటలు. పైన, నేర్పినవారు: బ్లగూనా స్టోయ్‌కోవా.

సాక్సులు మడతపెట్టిన రోజు వాంచోకి చెప్పలేని జవాబు ఆ కాగితంలోనే ఉందని నాకు ఆ రోజుకి వారం తర్వాత తట్టింది. బెరోవో బస్సు ఉదయం తొమ్మిదింటికి. వాంచో ముందు రోజే నలభై కిలోల కాయలు దింపించాడు. బస్తాలు గుమ్మంలో ఉంటే నేను దాటి వెళ్ళలేనని అతని ధీమా. నేను వాటి పక్కనుంచి సంచీ తీసుకొచ్చి, కాగితం అతని కాఫీ పక్కన పెట్టాను.

"ఏంటిది?"

"మన ఆయ్వార్. ఉప్పు దగ్గర్నుంచి అంతా గ్రాముల్లో ఉంది."

"వేళాకోళమా? నేనా పెట్టేది?"

"కబుర్లు చెప్పుకుంటూ ఒక్కరోజులో అయ్యే పనేగా."

వాంచో కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలెట్టాడు. ఇరవై ఆరు దగ్గర ఆగి నా వైపు చూశాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. వేలు ఒక వాక్యం మీద నిలిచింది. వొలిచిన కాయలు కడగకూడదు.

"కడగకూడదా?" అన్నాడు నిజంగానే అర్థంకాక. "ఎందుకని? కడగకపోతే ఆ నల్ల పొట్టు ఎలా పోతుందీ?"

ఇరవై ఏడేళ్ళు నవ్విన మనిషి అడిగాడు ఆ మాట.

"పొడి గుడ్డతో తుడువు వాంచో" అని చెప్పాను, నవ్వకుండా. సంచీ భుజాన వేసుకుని, బస్తాలు దాటి బస్టాండు వైపు నడిచాను.