ఆగస్టు ఇరవై నాలుగు, నాలుగో లైను

మా లైబ్రరీ గేటు పక్కన ఒక నల్లబల్ల ఉంది. రోజూ ఉదయం ఎనిమిదింటికి దాని మీద ‘చరిత్రలో ఈ రోజు’ రాయడం నా పని. మూడే లైన్లు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు ముప్పై మంది దాకా తొమ్మిదిలోపు వచ్చి, నోటుపుస్తకాల్లో ఎక్కించుకుని లోపలికి పోతారు. చదివి ఎక్కించుకోరు, చూసి ఎక్కించుకుంటారు. తర్వాత ఎప్పుడో కూర్చుని బట్టీ పడతారు. నేను మా ఇంటి సరుకుల చీటీ రాసినా మారు మాట్లాడకుండా రాసుకుపోతారని లైబ్రేరియన్ గారు నవ్వేవారు.

ఆ రోజు ఆగస్టు ఇరవై నాలుగు. పనికి వెళ్తూ ఎప్పటిలాగే అక్కను చూడటానికి ఆగాను. ఎనిమిది దాటితే చూడటం కుదరదు. బావ పనికి వెళ్తూ అక్కను లోపల ఉంచి బయట తాళం వేసుకుపోతాడు.

బావ తాళాలు బాగుచేస్తాడు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆయన చెయ్యి పడని తలుపు లేదు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ ముసలివాళ్ల దగ్గర పైసా పుచ్చుకోడు. అందుకే మంచివాడని పేరు. ఆ పేరు అబద్ధం కూడా కాదు. బయటివాళ్ల తలుపుల దగ్గర ఆయన మంచివాడే.

నేను వెళ్లేసరికి తింటున్నాడు. తిన్నావా అని నన్ను అడిగాడు. అక్క పొయ్యి వైపు తిరిగి ఉంది. ఇటు తిరిగినప్పుడు చూశాను. ఎడమ చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. పై పెదవి చీలింది. ముందుపన్ను లేదు. ఆ పన్ను సబ్బుపెట్టె మూత మీద ఉంది, వేరుతో సహా. సింకులో రక్తం సగమే కడిగి ఉంది.

“మీ అక్కకి నేల మీద కాలు నిలవదు మరదలా,” అన్నాడు బావ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “ఎన్నిసార్లని పడుతుందో చూడు.”

పడ్డానని అక్క కూడా అంది. గుమ్మం దాకా వచ్చి, ఎవరితోనైనా అన్నావంటే నా మీద ఒట్టే అని గొణిగింది. నోటితో నేను ఎవరితోనూ అనలేదు.

బల్ల తుడిచి మొదటి లైను రాశాను. 410: విసిగోతు తెగలవాళ్లు రోము నగరంలో చొరబడి మూడు రోజులు దోచుకున్నారు. రెండోది, 1572: పారిస్‌లో ఊచకోత మొదలైంది. చర్చి గంట మోగాక ఇరుగుపొరుగువాళ్లే ఇరుగుపొరుగువాళ్లను వీధిలోకి ఈడ్చి చంపారని నేను చూసి రాసే పుస్తకంలో ఉంది. అంత బల్ల మీద పట్టదు. చెవులు మూసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా ఉండి ఉంటారు. వాళ్ల గురించి పుస్తకంలో లేదు. మూడోది, 1814: బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరాన్ని తగలబెట్టింది. అధ్యక్షుడి ఇంట్లో వాళ్లు భోజనాలు వడ్డించి వదిలి పారిపోయారట. సైనికులు ముందు కూర్చుని శుభ్రంగా తిన్నారు. తర్వాత నిప్పు పెట్టారు.

అక్కడ నా చెయ్యి ఆగింది.

నిరుడు సరిగ్గా ఇదే తేదీన నేను అక్క ఇంట్లో ఉన్నాను. బావ భోంచేశాడు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలూ వేలూ తుడుచుకున్నాడు. తర్వాత అక్కను తలుపు దగ్గరికి పిలిచి, ఆమె కుడిచేతిని సందులో పెట్టి తలుపు మూశాడు. సుద్దముక్క విరిగినంత చప్పుడే వచ్చింది. అక్క అరిచింది. పక్కింట్లో టీవీ సౌండు పెరిగింది. జారిపడ్డానని ఆసుపత్రిలో అక్క చెప్పింది. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

బల్ల మీద ఇంకో లైనుకు చోటు ఉంది. రాశాను. ‘గత సంవత్సరం: ఈ ఊళ్లో, మూడో వీధిలో, తాళాలు బాగుచేసే అతను తన భార్య కుడి మణికట్టును తలుపు సందులో పెట్టి విరిచాడు.’

వచ్చినవాళ్లు వచ్చినట్టు రాసుకుపోయారు. ఇరవై మంది దాకా రాసుకున్నాక, అందరూ ‘డిక్షనరీ’ అని పిలిచే ఆవిడ వచ్చింది. ముప్పై దాటిన మనిషి, వయసు మించిపోతోందని ఇదే ఆఖరి ప్రయత్నంగా చదువుతోంది. ఆమె కూడా నాలుగు లైన్లూ రాసుకుంది. రాసుకుని, పెన్ను మూత పెడుతూ నన్ను అడిగింది.

“నాలుగోది పరీక్షలో ఏ పేపర్లో వస్తుంది?”

ఆమె మళ్లీ చదువుకుంది. లోపలికి వెళ్లి చెప్పినట్టుంది, రాసుకుపోయినవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి, తమ పుస్తకాల్లో తామే రాసుకున్నది అప్పుడు చదివారు.

లైబ్రేరియన్ గారు వచ్చి చూసి, మనకెందుకమ్మా చెరిపెయ్యి అన్నారు. తర్వాత ఆధారం ఏమిటని అడిగారు. నేను అక్కడే ఉన్నానండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. డస్టరు నా చేతిలోనే ఉండిపోయింది.

తొమ్మిదిన్నరకు బావ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. పనిసంచి భుజానే ఉంది. బల్ల చదివాడు. సంచిలోంచి సుత్తి తీసి నాలుగో లైను మీద కొట్టాడు. బల్ల నిలువునా పగిలింది. తర్వాత ఎడమచేత్తో నడుముకున్న తాళంచెవుల గుత్తి లాగి నా ముఖం మీద కొట్టాడు. చెవి దగ్గర చర్మం తెగి, రక్తం వెచ్చగా మెడలోకి దిగింది. కింద పడ్డాను. పొట్టలో తన్నాడు. ఊపిరి అందలేదు. నాకు స్పష్టంగా గుర్తున్నది ఆయన చెప్పులు. కొత్తవి.

“నా పెళ్లాం జారిపడితే నీకు చరిత్రా?” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో నోటుపుస్తకాలు అప్పుడు కనిపించాయి ఆయనకు. దగ్గరున్న అమ్మాయి పుస్తకం లాక్కుని చింపేశాడు. ఏడాదిగా రాసుకున్నదంతా పోయిందని ఆ పిల్ల గొల్లుమంది. ఆయన ఇంకోటి లాగబోయాడు.

“ఎన్ని చింపుతావు?” అంది డిక్షనరీ. “ఇంకా పాతిక దాకా ఉన్నాయి.”

ఆయన లెక్కపెట్టుకున్నట్టు అందరి చేతులూ చూశాడు. “అక్కర్లేదు. దాని నోరు మూయిస్తే చాలు,” అని, సుత్తి పట్టుకుని ఇంటివైపు నడిచాడు.

నేను చేసింది ఏమిటో అప్పుడు అర్థమైంది. లైను రాసింది నేను, చావబోయేది అక్క. లేచి పరుగెత్తాను. వెనక చాలా చెప్పుల చప్పుడు వినిపించింది.

మేము చేరేసరికి ఆయన తాళం తీసేశాడు. తలుపు రాలేదు. వీధిలో గొడవ వినబడిందేమో, లోపల గడియ వేసి ఉంది. ఆయన్ని రానివ్వకుండా ఆ గడియ అక్క ఎప్పుడూ వేసి ఎరగదు. సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. చెక్క చీలింది. ఆ కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి గడియ కోసం తడిమాడు. లోపల అక్క ఇనప పెనంతో ఆ చేతిని కొట్టింది. మళ్లీ కొట్టింది. బావ అరిచిన అరుపుకు పక్కింటివాళ్ల కిటికీ మూసుకుంది.

నెత్తురోడుతున్న చెయ్యి బయటికి లాక్కుని రెండో చేత్తో సుత్తి ఎత్తాడు. డిక్షనరీ వెనకనుంచి మెడ పట్టుకుంది. మోచేత్తో పొడిస్తే ఆమె ముక్కు పగిలింది. అయినా వదల్లేదు. ఇంకో నలుగురు మీద పడ్డారు. నేను సుత్తి ఉన్న చేతి మీద కూర్చుని మణికట్టు కొరికాను. సుత్తి జారేదాకా వదల్లేదు. ఆయన కదలడం మానాక కూడా పుస్తకం చిరిగిన అమ్మాయి తన సంచితో ఆయన ముఖం మీద కొడుతూనే ఉంది. ఆపమని నేను అనలేదు.

ఎవరో ఫోన్ చేస్తే హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. బావ లేచి కూర్చుని, నెత్తురు ఉమ్మి, మర్యాదగా మాట్లాడాడు. వీళ్లంతా అబద్ధం రాసి తనను చంపబోయారన్నాడు. నిరుడు తన భార్య జారిపడిందని ఆసుపత్రి కాగితం ఉందన్నాడు. కావాలంటే ఆమెనే అడగమన్నాడు. కానిస్టేబుల్ మా అందరి వైపు చూసి, జారిపడ్డానని ఆమె అంటే మీరంతా స్టేషనుకు రావాలి, ఆయన ఇంటికి పోతాడు అన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది. అక్క బయటికి వచ్చింది. పెనం చేతిలోనే ఉంది. ముందు నన్ను చూసింది.

“నన్నడక్కుండా రాశావు,” అంది.

నేను చెవి దగ్గర నెత్తురు తుడుచుకున్నాను.

జారిపడ్డావా అమ్మా అని కానిస్టేబుల్ అడిగాడు. బావ ఆమెనే చూస్తున్నాడు. అక్క డిక్షనరీ దగ్గర నోటుపుస్తకం అడిగి తీసుకుంది. దాని మీద ఆమె ముక్కు నెత్తురు పడి ఉంది. ఒక్క కన్నుతో ఆ లైను నెమ్మదిగా చదివింది. వీధంతా నిలబడి చూస్తోంది.

“ఇది నిజమే,” అంది. “కానీ మా చెల్లి ఒక్కటే రాసింది. మిగతావి దానికి తెలియవు. మీరు రాసుకోండి.”

పెళ్లయిన పదో రోజు తేదీతో మొదలుపెట్టింది. ఏ గది, ఏ వస్తువు, ఎక్కడ తగిలింది, అన్నీ చెప్పుకుపోయింది. పన్ను లేని చోట గాలి పోయి మాట సగం విరుగుతోంది. కానిస్టేబుల్ పెన్ను ఆపి, అర్థం కాలేదు, మళ్లీ చెప్పమ్మా అన్నాడు.

అక్క పెనం గుమ్మం మీద పెట్టి, నోట్లో ఊరిన రక్తం ఉమ్మి, మళ్లీ మొదటి తేదీ నుంచి చెప్పింది.