లాండ్రీ ఒప్పందంలో రెండో సంతకం

థార్న్‌షా ఆసుపత్రిలో కాంట్రాక్టుల పని చూసే గ్వెండా సట్‌క్లిఫ్‌కి గొడవలంటే పడదు. ఎవరైనా గొంతు పెంచితే ముందు టీ చేతికిచ్చి, వాళ్ళు చల్లబడ్డాక కాయితం ముందుకు జరిపే మనిషి. అలాంటిది ఆ ఏడు ఒక లాండ్రీ కోసం ఆసుపత్రి పెద్దలందరి ఎదుటా వాదించిందంటే ఆమె సొంత చెల్లెలే నమ్మలేదు.

ప్రభుత్వ ఆసుపత్రులకు సరుకు అమ్మాలన్నా, పని చేసిపెట్టాలన్నా ఇకమీదట ప్రతి సంస్థా ఒక హామీ రాసివ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. 2050 నాటికి దేశమంతా సున్నాకి రావాలి గనక, గాలిలోకి తాము వదిలే కార్బన్‌ను ఏటా ఎంత తగ్గిస్తారో చెప్పి యజమాని సంతకం చెయ్యాలి. హామీ లేకపోతే కాంట్రాక్టు లేదు. రొట్టెలవాళ్ళు, మందులవాళ్ళు, కుర్చీలు బాగుచేసేవాళ్ళు అందరూ గడువుకి ముందే పంపేశారు. కొందరివైతే గాలిమరల బొమ్మలతో పెళ్ళిపత్రికల్లా మెరిసిపోతున్నాయి. రానిది బారక్లఫ్ లాండ్రీది ఒక్కటే.

ఆ ఊరి ఆసుపత్రి దుప్పట్లు తాతల కాలం నుంచీ ఉతుకుతున్నది బారక్లఫ్‌లే. ఇప్పుడు నడుపుతున్నది మనవరాలు థెల్మా. అరవై దాటినా చేతులు ఇనపకడ్డీల్లా ఉంటాయి. గ్వెండా ఫోన్ చేసింది.

“థెల్మా గారూ, అందరివీ వచ్చేశాయి. మీదొక్కటే ఆగింది.”

“అబద్ధం రాయడం చేతకాక ఆగింది అమ్మాయ్.”

“అబద్ధమెందుకు? నమూనా కూడా పంపాను కదా. పేరు మార్చి సంతకం పెడితే చాలు.”

“నీ నమూనా 2050కి సున్నా చేస్తానని రాయమంటోంది. అప్పటికి నేను చర్చి వెనకాల మట్టిలో ఉంటాను. మీరొచ్చి సమాధి రాయిని నిలదీస్తారా?”

గ్వెండాకి నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక దిగులూ వేసింది. టెండరు మూసే రోజు దగ్గరపడుతోంది. మర్నాడు జోరువానలో కారేసుకుని తనే లాండ్రీకి వెళ్ళింది.

లోపల ఆవిరి, సబ్బు వాసన, యంత్రాల హోరు. నేల మీది కాలువలో పొగలు కక్కుతూ వేణ్ణీళ్ళు డ్రైనేజీలోకి పారుతున్నాయి. థెల్మా వాటిని చూపించి అరిచినట్టే మాట్లాడింది.

“రోగుల గుడ్డలు కదా, వేడి తగ్గించి ఉతకడానికి లేదు. కానీ ఈ వేడంతా ఊరికే పారేస్తున్నాను. ఈ నీళ్ళ పక్కనుంచి గొట్టాలేసి, లోపలికొచ్చే చన్నీళ్ళని వెచ్చబెట్టొచ్చు. అది చేస్తాను. పాత బాయిలరు మారుస్తాను. మూడేళ్ళలో ఏ ఏటికి ఎంత తగ్గుతుందో రాసిస్తాను. నా చేతిలో ఉన్నదే రాస్తాను. సరేనా? ఇప్పుడు ఇది చూడు.”

ఒక మురికిగుడ్డల సంచి తీసి బల్ల మీద గుమ్మరించింది. అందులోంచి పడ్డవి తెల్లగా, మడత నలగని దుప్పట్లు.

“ఇవి ఉతికినవేగా?” అంది గ్వెండా.

“నేను మొన్న పంపినవే. మీ వార్డులు మడతైనా విప్పకుండా మురికి సంచిలో పడేసి తిప్పి పంపాయి. ఒంటికి తగలని గుడ్డని మళ్ళీ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తున్నాను. ఈ పొగ ఎవరి పద్దులో రాయాలి? నేనొక్కదాన్నే మాటిస్తే కుదరదమ్మాయ్. మీ ఆసుపత్రీ ఇవ్వాలి.”

గ్వెండా తిరిగి వచ్చేటప్పుడు థెల్మాను వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ నేరుగా వృద్ధుల వార్డుకి వెళ్ళారు. అక్కడి హెడ్ నర్సు కంఫర్ట్ అసాంటే. ఘనా నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది. ఆమె మాటకి డాక్టర్లు కూడా పక్కకి తప్పుకుంటారు. సంగతి వినగానే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

“అవును, తిప్పి పంపుతున్నాం. మిగిలిపోతున్నాయి గనక. ఎందుకు మిగులుతున్నాయి? అవసరానికి మించి తెప్పించి దాచుకుంటున్నాం గనక. ఎందుకు దాచుకుంటున్నాం? ఆదివారం మీ వ్యాను రాదు గనక. మూలన రోజుల తరబడి పడున్న దుప్పటి శుభ్రమైనదో కాదో తెలీకుండా పేషెంటు కింద పరుస్తానా?”

“ఆదివారం మా డ్రైవరు ఇంట్లో మాంసం రోస్టు తింటూ కూర్చుంటాడు.”

“మా వార్డులో ఏ తాతగారో ఆదివారం పక్క తడిపితే, సోమవారం దాకా ఓర్చుకో తాతా, డ్రైవరు గారు రోస్టు తింటున్నారు అని చెప్పమంటారా?”

 థెల్మా పకపకా నవ్వింది.

“నీ నోరు నా ఇస్త్రీ యంత్రం కన్నా వేడిగా ఉందమ్మా. సరే, ఆదివారం వ్యాను పంపుతాను. ఒక పూట ఎక్కువ తిరిగినా ఉతుకు తగ్గితే లాభమే. మరి నువ్వు దాచుకోవడం మానేస్తావా?”

“వ్యాను వస్తే మానేస్తాను. రాకపోతే మీ ఇంటికొచ్చి మీ పరుపు మీది దుప్పటి లాక్కెళ్తాను.”

ఇక మిగిలింది ఆసుపత్రి సంతకం. ఆర్థిక వ్యవహారాల అధిపతి జూలియన్ ఫ్రోబిషర్ చెడ్డవాడు కాదు, జాగ్రత్త మనిషి. లాండ్రీ హామీ కింద ఆసుపత్రి కూడా వాడని దుప్పట్లు తిప్పి పంపడం మానేస్తుందని, తన భవనాల్ని వెచ్చబెట్టే ఇంధనం తగ్గిస్తుందని గ్వెండా రాసిన ఒప్పందాన్ని పాలకమండలి సమావేశంలో చదివి కళ్ళజోడు తీశాడు.

“డబ్బిచ్చేది మనం, గ్వెండా. పని చేసేవాళ్ళు మనకి మాటివ్వాలి గానీ మనం వాళ్ళకివ్వడమేమిటి? దేశం దక్షిణపు కొసనున్న పెద్ద లాండ్రీ కంపెనీ ఒకటి సున్నా చేస్తామని చక్కగా రాసిచ్చింది. దాన్ని తీసుకుంటే సరిపోతుంది.”

గ్వెండా లేచి నిలబడింది. మామూలుగా అయితే ‘అలాగేనండీ’ అని కూర్చునేది. ఆ రోజు కూర్చోలేకపోయింది.

“సార్, ఈ హామీలన్నీ తీసుకుని బీరువాలో పెట్టేది నేనే. పెట్టాక మళ్ళీ ఒక్కదాన్నీ తెరిచి, చెప్పింది చేశారా అని అడగలేదు. అడగమని నాకెవరూ చెప్పలేదు, నాకై నాకూ తోచలేదు. అందరికీ అది తెలుసు, అందుకే అంత ధైర్యంగా సున్నా అని రాస్తున్నారు. మనల్ని కూడా సంతకం పెట్టమని థెల్మా గారు అడిగారంటే, ఆమెకి నిజంగా చేసే ఉద్దేశం ఉందనే కదా?”

 ఫ్రోబిషర్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఒప్పందం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఒక షరతు. ప్రతి ఏడూ ఊరివాళ్ళందరి ముందు రెండు పక్షాలూ లేచి, ఏమన్నారో ఏం చేశారో చదివి వినిపించాలి. ఒప్పుకుంటే పెడతాను.”

థెల్మా ఒప్పుకుంది. ఆమె సంతకం కింద ఫ్రోబిషర్ సంతకం పడింది.

మొదటి ఏడు బాగా గడిచింది. గొట్టాలు పడ్డాయి, వ్యాను ఆదివారాలు నడిచింది, వార్డుల నుంచి మడత విప్పని సంచులు రావడం తగ్గింది. రెండో చలికాలం దెబ్బ కొట్టింది. ఊరంతా వాంతుల జబ్బు పాకి, వార్డుల్లో పూటకి రెండుమూడుసార్లు పక్కలు మార్చాల్సి వచ్చింది. లాండ్రీ పగలూ రాత్రీ తిరిగింది. ఏడాది చివర చూసుకుంటే, తగ్గిస్తానన్న దాంట్లో సగం కూడా తగ్గలేదు.

ఒక సలహాదారు థెల్మా దగ్గరికొచ్చాడు. ఎక్కడో మొక్కలు నాటించినట్టు పత్రాలు కొంటే కాయితం మీద లెక్క సరిపోతుందన్నాడు. ఆ సంగతి థెల్మానే గ్వెండాకి చెప్పింది.

“తప్పేం కాదట, అందరూ చేస్తున్నారట. మంచివాడే పాపం, టీ ఇచ్చి పంపించాను. చెట్లంటే నాకూ ఇష్టమే. కానీ నేను రాసిచ్చింది నా బాయిలరు గురించి కదమ్మాయ్.”

“మాట తప్పితే కాంట్రాక్టు రద్దు చేసే హక్కు మాకుంది థెల్మా గారూ. గుర్తుందా?”

“సంతకం పెట్టేముందు చదివాను.”

ఊరి సభ ఆసుపత్రి క్యాంటీన్‌లో జరిగింది. థెల్మా నీలం కోటు వేసుకుని వచ్చింది. లేచి నిలబడింది. 

“అన్నంత తగ్గించలేకపోయాను. కొంత జబ్బుల వల్ల. కొంత నా వల్లే. వేసవిలో బాయిలరు మార్చాలి. ఇంకో ఏడు లాగుతుందిలే అనుకున్నాను. లాగలేదు. అంతే.”

కూర్చుంది.  వెనక వరసలోంచి కంఫర్ట్ లేచింది.

“మా వార్డులూ మాట తప్పాయి. జబ్బు రాగానే భయపడి మళ్ళీ దాచుకోవడం మొదలెట్టాం. అందులో నేనూ ఉన్నాను. వ్యాను ఒక్క ఆదివారం కూడా తప్పలేదని కూడా రాసుకోండి.”

ఇప్పుడు ఫ్రోబిషర్ వంతు. అతని చేతిలో ఆసుపత్రి తరఫు నివేదిక ఉంది. సొంత భవనాల్ని వెచ్చబెట్టే ఇంధనం తగ్గించే పని ‘అనుకున్నట్టే సాగుతోంది’ అని అందులో ఉంది. ఆ పని నిజానికి మొదలే కాలేదని తయారుచేసిన గ్వెండాకీ తెలుసు, సంతకం పెట్టిన అతనికీ తెలుసు. అతను మొదటి పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఆఖరికి మూసేశాడు.

“దీన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇందులో ఉన్నట్టు జరగలేదు. సరైనది రాయించి నెల తిరక్కుండా మీ ముందుకొస్తాను. లాండ్రీ కాంట్రాక్టు కొనసాగుతుంది. బాయిలరు ఈ వేసవిలో మారాలి థెల్మా గారూ, ఈసారి సాకులు వినను.”

“నేనూ చెప్పను,” అంది థెల్మా.

గ్వెండాకి కళ్ళు చెమర్చాయి. ఎన్నేళ్ళ నుంచో ఆ భవనంలో పనిచేస్తోంది. ఒక పెద్ద అధికారి అడక్కుండానే తన సంతకాన్ని తప్పని ఒప్పుకోవడం ఎప్పుడూ చూడలేదు.

బాయిలరు ఆ వేసవిలోనే మారింది. మూడో ఏడు లాండ్రీ తన మాట కన్నా కొంచెం ఎక్కువే తగ్గించింది. ఆసుపత్రి మాత్రం ఇంకా వెనకబడే ఉంది. ఆ సంగతి ఫ్రోబిషర్ దాచకుండా చదివాడు. ఆ తర్వాత కొత్త కాంట్రాక్టులన్నిటికీ ఈ చదివే షరతు చేర్చారు. గాలిమరల బొమ్మలవాళ్ళు ఇద్దరు టెండరు మానుకున్నారు. మిగతావాళ్ళు సున్నాలు కొట్టేసి, చెయ్యగలిగింది రాసుకొచ్చారు.

ఆ మూడో ఏటి సభ ముగిశాక క్యాంటీన్‌లో అందరికీ మాంసం కూరి కాల్చిన పై రొట్టె, బఠాణీ పెట్టారు. థెల్మా, కంఫర్ట్ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈస్టర్ సెలవులకి ఎన్ని దుప్పట్లు పంపాలో అప్పుడే పోట్లాట మొదలెట్టారు. గొడవలంటే పడని గ్వెండా తన పళ్ళెం తీసుకెళ్ళి వాళ్ళిద్దరి మధ్య కూర్చుంది.