ఒక్కపొద్దు ఉప్మా

రవ్వ వేగిందా లేదా అన్నది ఓబుళేశు కళ్ళతో చూడడు, చెవితో వింటాడు. కర్నూలును ఆనుకుని పెరిగిన కల్లూరులో, కేశవయ్య హోటల్ వెనకాల వంటింట్లో, తెల్లవారుజామున నాలుగున్నరకే బాణలి మీదికి తల వంచి రవ్వను అట్లకాడతో అటూ ఇటూ తోస్తున్నాడు. పచ్చిరవ్వ బాణలిలో బద్ధకంగా కదులుతుంది. వేగేకొద్దీ తేలికపడి గలగలా జారుతుంది. ఆ చప్పుడు వినబడగానే రవ్వను పళ్ళెంలోకి దించి, పోపుకు నూనె పెట్టాడు.

అరవై ఏళ్ళ పొట్టి మనిషి. ఆవిరికి కనుబొమ్మలు పలచబడ్డాయి. కుడి చెయ్యి ఎడమ చేతికన్నా కొంచెం లావు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఉప్మా కలిపిన చెయ్యి మరి. శనివారం కాబట్టి ఉల్లిగడ్డల బుట్ట వైపు చూడను కూడా చూడలేదు. ఈ హోటల్‌కు వచ్చే శెట్లలో చాలామంది శనివారం ఒక్కపొద్దు ఉంటారు. మధ్యాహ్నం ఒక్కపూటే అన్నం తిని, సాయంత్రం దీపం పెట్టాక టిఫినుతో సరిపెట్టుకుంటారు. ఆ రోజు ఉల్లిగానీ, తెల్లగడ్డ అనే వెల్లుల్లిగానీ నోట పెట్టరు. అందుకని శనివారం ఉప్మాలో అల్లం, పచ్చిమిరప, కరివేపాకు తప్ప ఇంకేమీ పడవు. ఓబుళేశు కేలెండరు చూసి ఎరగడు, వారం సంగతి చేతికే తెలుసు.

ఇది అతనికి ఆఖరి శనివారం. ఆ మాటకొస్తే ఆఖరి రోజే. రాత్రి ఏడున్నర బస్సుకు మైదుకూరు వెళ్ళిపోతున్నాడు. అక్కడికి దగ్గర పల్లెలో భార్య నాగలక్ష్మమ్మ, రెండెకరాల మెట్ట, రెండు బర్రెలు ఉన్నాయి. ఇన్నేళ్ళూ నెలకోసారి చుట్టంలా వెళ్ళి వచ్చాడు. మోకాళ్ళు ఇక పొయ్యి ముందు నిలబడలేమన్నాయి. దానికి అతనికేం దిగుల్లేదు. దిగులంతా వేరే ఉంది.

ఉప్మా చేసేవాడికి లోకంలో మర్యాద తక్కువ. కర్నూలు జనానికి పొద్దున్నే ఉగ్గాని కావాలి, అంటే బొరుగులు నానబెట్టి తిరగమోత పెట్టింది, పక్కన మిరపకాయ బజ్జీ. లేదంటే దోశ కావాలి. దోశ మాస్టర్ వీరేష్ పెనం దగ్గర నిలబడితే చుట్టూ నలుగురు చేరి చూస్తారు. ఉప్మా అడిగేవాళ్ళది ఒకటే మాట, వంటింట్లోకి వినబడుతూనే ఉంటుంది.

“ఇడ్లీ అయిపాయనా? దోశ లేటయితాదా? సరేలే, ఉప్మా ఇయ్యప్పా.”

ఆ ‘సరేలే’ను ఓబుళేశు ముప్పయ్యొక్క ఏళ్ళు విన్నాడు. ఉప్మా బాగాలేదని ఎవరూ అనలేదు. బాగుందనీ అనలేదు. తిని, చెయ్యి కడుక్కుని, ఆటో ఎక్కిపోయారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ పెట్టడానికి గరిటె పట్టుకుని నిలబడినా అడిగే దిక్కు లేదు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి, ఒక్కసారి, ఇంకో ప్లేటు ఉప్మా కావాలని అడగలేదు. ఈ సంగతి అతను భార్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె పడీ పడీ నవ్వింది. అప్పటినుంచి ఆమెకు కూడా చెప్పడం మానేశాడు.

ఇప్పుడు ఆ ఉప్మాకే ఎసరు వచ్చింది. గురువారం నాడు యజమాని కేశవయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చునే తేల్చేశాడు. “ఓబుళేశు పోయేనాడే ఉప్మా కూడా పోతాది. వాడు లేకుంటే దాన్ని చేసేదెవరు, తినేదెవరు? ఆదివారం నుంచి బోర్డు మీద తుడిచెయ్యండి.”

అడ్డుపడింది ఆయన మనవరాలు పద్మప్రియ. హైదరాబాదులో నాలుగేళ్ళు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, రెండు నెలల కింద వచ్చింది. “ఒక్క సాయంత్రం ఇయ్యి తాతా. నేనూ ఓబుళేశు మామా కలిసి ఉప్మాను కొత్తగా చేస్తాం. ఒక్కరన్నా రెండోసారి అడిగితే ఉంచుదాం, మామ పోయినాక నేను చేస్తా. లేకుంటే నేనే తుడిచేస్తా.”

కేశవయ్య సరేనన్నాడు. ఒక్కరు కూడా అడగరని ఆయనకు ఓబుళేశుకన్నా గట్టి నమ్మకం.

పొద్దున ఉగ్గాని రద్దీ తగ్గాక, పది గంటలకు పద్మప్రియ జడ ముడేసుకుని వంటింట్లోకి వచ్చింది. ఉప్మాను గట్టిగా దించి, పళ్ళేల్లో పరిచి ఆరబెట్టాలి. గట్టిపడ్డాక ముక్కలు కోసి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చాలి. పైన దోశకు పూసినట్టు ఎర్రకారం పూసి, పుట్నాల పప్పులపొడి చల్లి, చీజు తురిమి, మూత పెట్టి కరగనివ్వాలి. ఇదీ ఆ పిల్ల పథకం. ఫ్యూజన్ అంది దాన్ని.

“నీళ్ళు తగ్గించల్ల మామా. ఒకటికి రెండే పొయ్యి.”

ఓబుళేశు చెయ్యి ఆగిపోయింది. ఒకటికి మూడు పోసి, నెయ్యి కలిపి, జారుగా దించడం అతని పద్ధతి. “గరిటె జారితే ఉప్మా పాపా. నిలబడితే గచ్చు. నాతో ఆఖరి దినం గచ్చు చేపిస్తాండావా?”

“గచ్చే చెయ్యి మామా. దాని మీద నేను ఇల్లు కడతా.”

అతను నవ్వాడు. ఒకటికి రెండే పోశాడు. గరిటె నిట్టనిలువుగా నిలబడింది. చూడలేక మొహం తిప్పుకున్నాడు. కానీ పళ్ళెంలో పరిచేటప్పుడు మాత్రం, చేతికి నెయ్యి రాసుకుని, నాలుగు మూలలకూ సమంగా, పసిబిడ్డకు నూనె రాసినంత జాగ్రత్తగా సర్దాడు. మధ్యాహ్నానికి మూడు పళ్ళేల నిండా ఉప్మా గట్టిపడి, కత్తి పెడితే చెదరకుండా తెగింది. పద్మప్రియ చప్పట్లు కొట్టింది. పెనం తోముతున్న వీరేష్ తల ఎత్తకుండానే, “ఇల్లలకగానే పండగ కాదమ్మా” అన్నాడు.

రెండు గంటలకు నాగలక్ష్మమ్మ ఫోన్ చేసింది. “బర్రె ఈనింది. దూడ ఆడది. జున్ను పెడతా, వచ్చి తిను.”

“ఏడున్నర బస్సుకు ఎక్కుతాండా.”

“రా. ఒగటి మాత్రం చెప్తాండా ఇను. నా పొయ్యి మీద ఉప్మా చేస్తానంటే ఒప్పుకోను.”

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి హోటల్ నిండింది. దీపాలు పెట్టి, నుదుట కొత్తగా బొట్టు దిద్దుకుని ఒక్కపొద్దు శెట్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో బట్టల కొట్టు శ్రీనివాసులు శెట్టి. డెబ్బై ఏళ్ళాయన. పొద్దుటినుంచి ఆ ఒక్కపూట అన్నం మీదే ఉన్నాడు, మంచి ఆకలి మీద ఉన్నాడు.

వీరేష్ మిక్సీలో ఎర్రకారం రుబ్బి గిన్నెకెత్తాడు. పెనం మీద ముక్కలు చుర్రుమన్నాయి. కారం పడింది, పొడి పడింది, చీజు కరిగి అంచులకు జారింది. పద్మప్రియ మొదటి ప్లేటు తనే తీసుకెళ్ళి శ్రీనివాసులు శెట్టి ముందు పెట్టి, పక్కన నిలబడింది. ఓబుళేశు వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాడు.

శెట్టి ముక్క తుంచి నోటి దాకా తెచ్చాడు. ఆగాడు. వాసన చూశాడు. “ఏమమ్మా, తెల్లగడ్డ వాసనొస్తాంది?”

పద్మప్రియ మొహం పాలిపోయింది. ఎర్రకారమంటేనే ఉల్లిగడ్డ, తెల్లగడ్డ. వీరేష్ రోజూ చేసేది అదే. శనివారం ఒక్కపొద్దు వాళ్ళు కారం దోశ అడగరు కాబట్టి అతనికి పట్టింపు లేదు. హైదరాబాదు హాస్టల్లో నాలుగేళ్ళు శనివారం, మంగళవారం తేడా లేకుండా తిన్న పిల్లకు ఆ మాటే తట్టలేదు. కోమటింటి పిల్ల, శనివారం సాయంత్రం, శెట్లకు ఉల్లి పెట్టింది! వెనక వరుసలో ఎవరో కుర్చీ జరిపి లేచారు.

గల్లాపెట్టె దగ్గర కేశవయ్య తల పట్టుకున్నాడు. “పరువు పాయ. పద్మా, బోర్డు తుడిచెయ్ పో.”

అప్పుడు ఓబుళేశు గుమ్మం దాటి బయటికి వచ్చాడు. ముప్పయ్యొక్క ఏళ్ళలో అతను తినేవాళ్ళ మధ్యకు రావడం అదే మొదలు. శెట్టి ముందున్న ప్లేటు రెండు చేతులా వెనక్కి తీసుకున్నాడు. “తప్పు నాది శెట్టిగారూ. వారం తెలిసినోన్ని నేనే చూసుకోల్సింది. ఉప్మాలో మాత్రం ఉల్లి లేదు, అది నా చేత్తో చేసినా. పావుగంట కూచోండి. మళ్ళా పెడతా.”

“ఆకలైతాండాది ఓబుళేశూ.”

“అందుకే కూచోమంటాండా సామీ.”

వంటింట్లో అతను ఇంత గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. “వీరేషూ, పెనం ఉప్పేసి తోము. పాపా, కొబ్బరి చెట్నీ జార్ తే, దాంట్లో ఉల్లి పడదు.” వేడినీళ్ళలో ఎండుమిరపకాయలు మెత్తబడేలోగా పప్పులు, చింతపండు, అల్లం, ఇంత బెల్లం, ఉప్పు జార్‌లో వేశాడు. చివరికి ఇంగువ, వేలెడంత కాదు, గోరంత. మిరపకాయలు కూడా వేసి తిప్పి, వేలితో కాస్త నాలుక మీద పెట్టుకుని, ఇంకాస్త బెల్లం వేశాడు. వీరేష్ గొణుక్కుంటూనే పెనాన్ని అద్దంలా తోమి పెట్టాడు.

ముక్కలు మళ్ళీ చుర్రుమన్నాయి. ఈసారి ప్లేటు ఓబుళేశే మోసుకెళ్ళాడు.

శెట్టి వాసన చూశాడు. తల ఊపాడు. తర్వాత వేలితో పైన చూపించాడు. “ఈ తెల్లగ సాగేదేంది?”

“చీజు తాతా. పాలతో చేస్తారు” అంది పద్మప్రియ.

“పాలా? పాలకేం దోషం!”

తిన్నాడు. కింద కరకర, లోపల మెత్తన, పైన పులుపూ కారమూ తీపీ. రెండో ముక్కా తిన్నాడు. ప్లేటులో అంటిన కారాన్ని వేలితో తుడిచి నాకాడు. హోటలంతా ఆయన్నే చూస్తోంది. ఓబుళేశు మాత్రం ఆయన కాళ్ళ వైపు చూస్తున్నాడు. ఈయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తే అంతే, ముప్పయ్యొక్క ఏళ్ళూ అంతే.

శెట్టి ఖాళీ ప్లేటు ముందుకు జరిపాడు.

“ఇంకోటెయ్యప్పా.”

ఓబుళేశు కదల్లేదు. సరిగ్గా వినబడలేదనుకుని శెట్టి గొంతు పెంచాడు. “నీకే అంటాండా. ఇంకో ప్లేటు. శానా బాగుండాది.”

పక్క బల్ల వాళ్ళు “మాకూ” అన్నారు. లేచినాయన మళ్ళీ కూర్చున్నాడు. పద్మప్రియ తాత వైపు తిరిగి కళ్ళెగరేసింది. కేశవయ్య గల్లాపెట్టె మీద ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు, కానీ నవ్వుతున్నాడు. ఓబుళేశుకు ఏడుపు వచ్చింది. ఉప్మా కోసం ఏడ్చే మనిషిని చూసి జనం నవ్వుతారని వంటింట్లోకి వెళ్ళి, పొగ తగిలినట్టు కళ్ళు నులుముకున్నాడు. వీరేష్ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

ఏడుంబావుకు మూడు పళ్ళేలూ ఖాళీ. షేర్ ఆటో వచ్చి నిలబడింది. కేశవయ్య గల్లాపెట్టె వదిలి రోడ్డు దాకా వచ్చి, “పోయొస్తా అను, పోతా అనొద్దు” అన్నాడు. పద్మప్రియ కాళ్ళకు దండం పెట్టబోతే ఓబుళేశు పట్టుకుని ఆపాడు. ఆటో కదలక ముందే ఫోన్ తీసి భార్యకు చేశాడు.

“ఒగాయన ఇంకోటెయ్యమన్న్యాడే.”

ఈసారి నాగలక్ష్మమ్మ నవ్వలేదు. “అట్లనా? ఐతే రేపు నాక్కూడా చెయ్” అంది.

ఆటో వెళ్ళిపోయాక పద్మప్రియ వంటింట్లో లైటు తీయడానికి వచ్చింది. గట్టు మీద పెద్ద బేసిన్‌కు మూత పెట్టి ఉంది. తీసి చూసింది. ఆదివారం పొద్దుటికని ఓబుళేశు ఎప్పుడు కొలిచి పెట్టాడో, రోజూ పోసే మూడు శేర్లు కాదు, ఐదు శేర్ల రవ్వ. పైన చేత్తో సాపు చేసిన చోట ఐదు వేళ్ళ గుర్తులూ అలాగే ఉన్నాయి.