రెండు చిన్న హారన్లు

"వస్తాను మరి," అన్నాడు జాబిర్, అమ్మేసిన కారు దిగుతూ.

హాగర్ సరిగ్గా ఆ మాట దగ్గరే తల తిప్పి చూసింది. ఎందుకంటే అతను ఆ మాట అన్నది ఆమెతో కాదు, వాళ్ళ నాన్నతోనూ కాదు. వాళ్ళిద్దరూ అప్పటికి బానెట్ దగ్గర నిలబడి ఉన్నారు. జాబిర్ తను దిగిన సీటు వైపు తిరిగి, గొంతు తగ్గించి, మంచం మీదున్న జబ్బుమనిషికి చెప్పినట్టు చెప్పి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. తాళంచెవి నాన్న చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా పాత కార్ల సంత జనంలో కలిసిపోయాడు.

"నాన్నా, ఆయన ఎవరికి చెప్పాడు?"

"మనకే. ఇంకెవరున్నారే బాతుపిల్లా ఇక్కడ?" అంటూ బయ్యూమి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కూర్చోగానే, "అబ్బ, సీటు ఎంత చల్లగా ఉందో!" అని మురిసిపోయాడు.

అలెగ్జాండ్రియాలో ఆగస్టు ఎండ. ఆ సీట్లో పొద్దున్నుంచీ లావుపాటి జాబిర్ కూర్చుని ఉన్నాడు. చల్లగా ఎందుకుంటుంది?

బాగా తిరిగిన బండి అన్నాక లోపల ఎవరో ఒకరు ఉంటారు. అది మామూలే. ఏళ్ళ తరబడి అందులో తిరిగినవాళ్ళు పోయాక కూడా అలవాటు చావక కూర్చునే ఉంటారు. కనిపించరు, మాట్లాడరు, బరువు కూడా ఉండరు. సీటు మీద అరచెయ్యి పెడితే చల్లగా తగులుతారు, అంతే. అందుకే శుక్రవారం సంతలో ఎవరూ ముందు ఇంజన్ చూడరు, సీట్లు తడుముతారు.

ఆ రోజు బయ్యూమి చాలా కార్లు తడిమాడు. ఒకదాంట్లో వెనక కిటికీ పక్కన ఒక హెడ్మిస్ట్రెస్ ఉంది. "చాలా మర్యాదస్తురాలు. మలుపులు వస్తే నిట్టూరుస్తుంది, అంతకంటే ఏం లేదు," అన్నాడు అమ్మేవాడు. ఇంకోదాంట్లో ఇద్దరున్నారు, అన్నదమ్ములట. "ఇద్దరున్నారని చెప్పే తగ్గించి ఇస్తున్నా బాబాయ్."

"నేను జనాన్ని ఎక్కించుకు తిప్పాలయ్యా. నీ అన్నదమ్ములు వెనక సీటంతా పరుచుకుంటే నేనెవర్ని ఎక్కించుకోను, నెత్తిమీదా?"

అప్పుడు దొరికింది ఈ ఎర్ర చిన్న కారు. మీటర్ మీద నాలుగు లక్షల అరవై వేల కిలోమీటర్లు. అయస్కాంతం పెట్టి చూస్తే లప్పం పూసిన చోట్లు రెండే. పొగ కొంచెం నీలంగా ఉంది కానీ ఆ వయసుకి ఆ మాత్రం నీలం తప్పదు. ముందు సీటు, వెనక సీటు మొత్తం బయ్యూమి తడిమాడు, హాగర్ తడిమింది. వెచ్చగా, ఖాళీగా ఉన్నాయి. జాబిర్ మాత్రం డ్రైవర్ సీట్లోంచి కదల్లేదు. స్టార్ట్ చేసి చూపించాడు, లైట్లు వేసి చూపించాడు, సంతకాలు కూడా స్టీరింగ్ మీద కాగితం పెట్టుకునే చేశాడు.

బయ్యూమి ఇరవై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గం నడిపాడు. మిల్లు మూసినప్పుడు చేతికొచ్చిన డబ్బుకి భార్య నఈమా తన గాజులు అమ్మి కలిపింది. హాగర్ కామర్స్ డిగ్రీ చేసి రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. ఇంక ఆ ఇంట్లో అమ్ముకోడానికి ఏం లేదు. కారు వాళ్ళుండే కర్మూజ్ సందులోకి వచ్చినరోజు నఈమా దాని చుట్టూ ఉప్పు తిప్పి, హాగర్ చిన్నప్పటి చెప్పు ఒకటి దిష్టి తగలకుండా వెనక బంపర్‌కి కట్టింది.

"మీకంటే ముందు దీనికే ఆకలి వేస్తుంది, చూస్తూ ఉండు," అంది పక్కింటావిడ.

ఆవిడ నోటి మాట నిజమైంది. కర్మూజ్ నుంచి అగమీకి మనుషుల్ని తిప్పడం మొదలుపెట్టిన మూడో వారానికి నీళ్ళ పంపు పోయింది. తరవాత క్లచ్ ప్లేట్. డైనమో. హెడ్ గాస్కెట్. ఇంజన్ నూనె తాగడం మొదలుపెట్టింది, తాగి నీలం పొగ వదిలేది. అందరూ ఉస్తా, అంటే మేస్త్రీ, అని పిలిచే మెకానిక్ ఖమీస్ బానెట్ కిందనుంచే పలకరించేవాడు.

"వచ్చావా పెళ్ళికొడకా! ఇది బండి కాదు బయ్యూమీ, రెండో పెళ్ళాం. మొదటిదాని గాజులమ్మి దీన్ని తెచ్చుకున్నవాణ్ని నిన్నొక్కణ్నే చూశా."

"నువ్వు బాగుచెయ్యి ఉస్తా, తిట్లు తరవాత తిట్టుకో."

"బాగుచెయ్యడం కాదు, ఇంజన్ మొత్తం విప్పి బోరింగ్ చెయ్యాలి. ఒకచోట కుడితే ఇంకోచోట చిరుగుతుంది. పాత గుడ్డ సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

బయ్యూమి నవ్వేవాడు. అప్పటికింకా అతనికి నవ్వు ఉంది.

ముందు చక్కెరతో మొదలైంది. టీలో చక్కెర అంటేనే మొహం చిట్లించే మనిషి, ఒకరోజు గ్లాసు నఈమాకి తిరిగిచ్చేసి, "నాలుగు చెంచాలు వెయ్యి," అన్నాడు. నఈమా హాగర్ మొహం చూసింది. వేసింది. ఆ తరవాత స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వెయ్యడం వచ్చింది. సిగరెట్ చెవి మీద పెట్టుకోవడం వచ్చింది. పాటలు కూనిరాగం తియ్యడం పోయింది.

ఉద్యోగం అడగడానికి అగమీ బయల్దేరిన ఒక సాయంత్రం హాగర్ కారులోనే ముందు సీట్లో ఉంది. వెనక ముగ్గురు ఎక్కారు. బయ్యూమి అగమీ దారి వదిలేసి కారుని ఎదురు దిక్కుకి, బాకోస్ వైపు తిప్పాడు.

"ఏం బాబాయ్, అగమీ పడమర వైపు కదా?" అన్నాడు వెనకనుంచి ఒకతను.

"ఊరుకో, బాకోస్ మీదుగా అగమీకి అడ్డదారి ఉంది. ఈయనొక్కడికే తెలుసు," అన్నాడు పక్కతను. ముగ్గురూ నవ్వారు. బాకోస్ వచ్చేసరికి నవ్వులు ఆగాయి, తిట్లు మొదలయ్యాయి, ముగ్గురూ డబ్బులివ్వకుండా దిగిపోయారు.

బయ్యూమి ఇవేం విన్నట్టు లేదు. ఒక పాత మేడ కింద కారు ఆపి రెండు చిన్న హారన్లు కొట్టాడు. ఐదో అంతస్తులో కిటికీ తెరుచుకుంది. తాడు కట్టిన బుట్ట ఒకటి గోడకి తగులుతూ, తిరుగుతూ కిందకి దిగింది. అందులో గుడ్డలో చుట్టిన రొట్టె, రొట్టె నిండా వంకాయ వేపుడు. బయ్యూమి కిటికీలోంచి చెయ్యి చాపి తీసుకున్నాడు. బుట్ట పైకి వెళ్ళిపోయింది.

"నాన్నా, నీకు వంకాయ పడదు. ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి."

"ఎవరు చెప్పారు?" అని ఆబగా తిన్నాడు. ఒక్క దద్దురు రాలేదు.

మర్నాడు హాగర్ ఖమీస్ దగ్గరకి పరిగెత్తి, బుట్ట సంగతంతా చెప్పింది. బయ్యూమి కారు వదిలి టీ కొట్టు దగ్గర టీలో చక్కెర వేయించుకుంటుంటే, ఖమీస్ నూనె చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని డ్రైవర్ సీటు మీద పెట్టాడు. పెట్టి వెంటనే తీసేశాడు.

"ఈ సీటు తడమలేదా మీరు?"

"ఆ అమ్మినాయన దిగితేగా ఉస్తా!"

"అమ్మేవాడు దిగట్లేదంటేనే అర్థం చేసుకోవాలమ్మా. సంతలో అందరూ చేసే తప్పే అది. వెనక ఉన్నవాడైతే మన పక్కన కూర్చుంటాడు, గొడవలేదు. ఇక్కడున్నవాడి మీద మనమే కూర్చోవాలి. రోజూ కూర్చుంటే మనం వాడికి చొక్కా అయిపోతాం." గొంతు తగ్గించాడు. "ఆ రొట్టె కోసమే ఉన్నట్టున్నాడు. ఒక్కసారి హారన్ కొట్టినా అది రాకపోతే దిగి పోతాడు."

"దిగితే మా నాన్న మామూలుగా ఉంటాడా?"

ఖమీస్ చెయ్యి మళ్ళీ ప్యాంటుకి తుడుచుకున్నాడు. "జాకీ మీదకెత్తి చూసి చెప్పేది కాదు తల్లీ. ఎంత మిగిలాడో వాడు దిగాకే తెలుస్తుంది. ఒకతను మొత్తం తిరిగొచ్చాడని విన్నా. ఇంకొకతను వచ్చాడు గానీ, కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటాడు, లేపితే లేస్తాడు. ఆలస్యమైతే ఇంకా తక్కువ."

నఈమా ఆ రాత్రి తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది. తెల్లారి బయ్యూమి దాన్ని అడగనైనా అడగలేదు. స్టీరింగ్ కింద రెండు వైర్లు పీకి, రాజేసి, స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. జీవితంలో ఇంట్లో బల్బు మార్చడానికి కూడా పక్కింటివాణ్ని పిలిచిన మనిషి. నఈమా వైర్లు పూర్తిగా పీకేస్తే కారులోనే కూర్చున్నాడు. రెండురోజులు అన్నం ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు, కిటికీలోంచి బాకోస్ వైపు చూస్తూ ఉన్నాడు. నఈమానే ఖమీస్‌ని పిలిచి వైర్లు కలిపించింది.

"చంపుకోలేను కదా," అంది. అప్పటినుంచి ఆవిడ ఆ కారు మాట ఎత్తలేదు. బయ్యూమి అందులోనే పడుకుంటున్నాడు, ఆవిడ పొద్దున్నే కిటికీ అద్దం మీద తట్టి టీ ఇచ్చి వస్తోంది.

ఓ రోజు హాగర్ కర్మూజ్ మలుపులో కారుకి చెయ్యెత్తింది. ఆగింది. ముందు తలుపు తీసి కూర్చుని నాన్న వైపు చూసింది. బయ్యూమి అద్దంలో వెనక వచ్చే బండ్లు చూసుకుంటూ, మర్యాదగా అడిగాడు.

"ఎక్కడికి మేడం?"

హాగర్ చిల్లర తీసి డాష్‌బోర్డ్ మీద పెట్టింది. అతను తీసుకున్నాడు. దిగేటప్పుడు, "తలుపు మెల్లగా, పాత బండి," అన్నాడు.

ఇవాళ సాయంత్రం హాగర్ బాకోస్ మేడ ఐదు అంతస్తులూ ఎక్కింది. తలుపు తీసింది ఓ ముసలావిడ, రెండు చేతులూ గోడకి ఆనించి నడుస్తోంది. వంటింట్లో నూనెలో వంకాయలు వేగుతున్నాయి.

"మా నాన్నని వదిలెయ్యమని అడగడానికి వచ్చానండీ. ఆ ఎర్ర కారులో ఉన్నది మా నాన్న."

"ఆ కారులో ఉన్నది నా అన్వర్," అంది ఆవిడ. "అమ్మేశాడు వాడి అన్న, జాబిర్. నేను కిటికీలో కూర్చుని ఏడుస్తున్నానని, బండి కళ్ళముందు లేకపోతే మర్చిపోతానని అమ్మేశాడు. ఇప్పుడు అన్వరే రోజూ వస్తున్నాడు."

"హారన్ కొట్టేది మా నాన్న చెయ్యి అమ్మమ్మా."

"తెలుసు. నా కళ్ళు పోలేదు. ఐదో అంతస్తునుంచైనా కొడుకు చెయ్యి కాదని తెలుస్తుంది." పొయ్యి కట్టేసి, వంకాయలు రొట్టెలో సర్దుతూ చెప్పింది. "అన్వర్ పోయిన రోజు నాకు జ్వరం. మాత్ర వేసుకుని పడుకున్నా. వాడొచ్చి రెండుసార్లు కొట్టాడట, కింద కూరగాయలవాడు చెప్పాడు. కిటికీ తెరుచుకోలేదు. అమ్మ నిద్రపోతోందిలే అనుకుని ఆకలితోనే వెళ్ళిపోయాడు. సముద్రం రోడ్డు మీద స్టీరింగ్ మీదే తల వాల్చేశాడు. గుండె అన్నారు." గుడ్డ ముడి వేసింది. "ఇంకోసారి వాణ్ని ఆకలితో పంపమంటావా?"

హాగర్ ఏడ్చింది. "మా నాన్న నన్ను బాతుపిల్లా అని పిలిచేవాడు," అని మాత్రం అంది.

ముసలావిడ గుడ్డ ముడి మళ్ళీ బిగించింది. తరవాత బుట్ట తెచ్చి, రొట్టె అందులో పెట్టి, తాడుతో సహా హాగర్ చేతుల్లో పెట్టింది.

"బుట్ట దించకుండా ఆపే పని నా చేతులు చెయ్యవు. నీవి చేస్తే చెయ్యనీ. నేను ఏమీ అనను, ఏమీ వినను." గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పింది. ఖాళీ తొట్టిలో నీళ్ళు మోగడం మొదలుపెట్టాయి.

వీధి మలుపులో ఇంజన్ దగ్గు వినిపించింది. నీలం పొగ ముందొచ్చిందా అన్నట్టు కారు వచ్చి కింద ఆగింది. కిటికీలోంచి తల బయటికొచ్చింది. హాగర్ నాన్న తలని ఎప్పుడూ పైనుంచి చూడలేదు. నడినెత్తిన గుండ్రంగా పిడికెడు బట్టతల, దాని చుట్టూ చెమటకి అతుక్కున్న నెరిసిన జుట్టు. వెనక బంపర్‌కి తన చిన్నప్పటి చెప్పు ఊగుతోంది.

రెండు చిన్న హారన్లు.

రొట్టె ఇంకా వేడిగా ఉంది, గుడ్డలోంచి చేతికి తగులుతోంది. వంటింట్లో పంపు ఇంకా గట్టిగా తిప్పిన చప్పుడు. కింద ఆ తల పైకి లేచి చూసింది. ఆ మొహం నిండా ఉన్నది ఒట్టి ఆకలి, అది ఎవరి ఆకలో అంత దూరంనుంచి తెలియదు.

మళ్ళీ రెండు.

మీకూ అమ్మ ఉండే ఉంటుంది, నాన్నా ఉండే ఉంటాడు. హాగర్ కిటికీ దగ్గర తాడు పట్టుకుని నిలబడి మిమ్మల్నే అడుగుతోంది. తొందరగా చెప్పండి, ఆయన ఎక్కువసేపు ఆగడు. బుట్ట దించనా, వద్దా?